రెండో గీత

పగ తీర్చుకోవడానికి నాకు మూడు కావలసి వచ్చాయి. ఒక జాకీ, ఒక టార్క్ రెంచి, మా ఆయన బట్టలు కుట్టుకునే ముందు గదిలో సగం. మొదటి రెండూ నావే. మూడోదాని కోసం వారం రోజులు బతిమాలాను, ఎనిమిదో రోజు పోట్లాడాను, తొమ్మిదో రోజు ఆయన తన కుట్టు మిషన్‌ను కిటికీ వైపు జరుపుకున్నారు.

“కోట్ల మీద గ్రీజు మరక పడిందో, నీ బండినీ నిన్నూ కలిపి ఇస్త్రీ చేసేస్తా,” అన్నారు.

“అలాగే చెయ్యండి. ముందు ఈ బల్ల అటు పట్టండి,” అన్నాను.

బండి అంటే ఏటీవీ. మోటార్ సైకిల్‌లా హ్యాండిల్ పట్టుకుని నడిపే నాలుగు చక్రాల బండి, రోడ్డు లేని చోట గుట్టలెక్కేది. మా గదిలోకి వచ్చింది కొత్తదేమీ కాదు. మూడేళ్ళ కిందట రాతి క్వారీ వాలు మీద బోల్తాపడి, దాన్ని నడుపుతున్న సర్వేయర్ గారి ఎడమ కాలిని రెండు చోట్ల విరగ్గొట్టిన బండి. దానికి ఎత్తు పెంచే బ్రాకెట్లు బిగించింది నేను. నా నిర్లక్ష్యం వల్లే బోల్తాపడిందని ఊరంతా చాటింది మా అన్నయ్య.

మా నాన్న బండ్లు బాగుచేసే షెడ్డులో ఒక నియమం ఉండేది. నట్టు బిగించినవాళ్ళు నట్టు మీదుగా బోల్టు మీదికి ఒక తెల్ల గీత గీయాలి. తర్వాత ఇంకొకరు వచ్చి, అదే నట్టుకు మళ్ళీ రెంచి వేసి, కదలడం లేదని చూసుకుని, పక్కనే పసుపు గీత గీయాలి. రెండు గీతలు లేని బండి గేటు దాటకూడదు. “ఎంత మొనగాడైనా తన వీపు తాను చూసుకోలేడు” అనేవాడు నాన్న. ఆయన పోయాక తెల్ల గీతలు నావి, పసుపు గీతలు అన్నయ్యవి అయ్యాయి. పద్నాలుగేళ్ళు అలాగే నడిచింది. జనం అతన్ని పెద్ద మేస్త్రీ అనేవారు, నన్ను చిన్న మేస్త్రీ అనేవారు. ఆడదాన్నయి ఉండి మేస్త్రీ అని పిలిపించుకోవడానికి ఎన్ని వేళ్ళు నలగ్గొట్టుకున్నానో నాకే తెలుసు.

బోల్తాపడిన మర్నాడు అన్నయ్య షెడ్డు ముందు నలుగురిలో నిలబడ్డాడు. “ఎడమ బ్రాకెట్ నట్టు బిగించలేదు. దాని మీద మా చెల్లి తెల్ల గీత ఒక్కటే ఉంది. నాకు చూపించకుండానే బండి పంపేసింది” అన్నాడు. నేను చూపించాను. అతను పసుపు గీత గీస్తుంటే పక్కనే నిలబడి కళ్ళారా చూశాను. ఆ మాటే అరిచి చెప్పాను. అరిచేవాళ్ళ మాట ఎవరు వింటారు? సాయంత్రానికి నా పనిముట్ల పెట్టె మా గుమ్మం ముందు దిగింది.

ఆ తర్వాత నా చేతికి సైకిల్ పంక్చర్ కూడా ఎవరూ ఇవ్వలేదు. వీధిలో కుర్చీ విరిగి ఎవరైనా కింద పడితే “చిన్న మేస్త్రీ చెయ్యి తగిలిందేమో చూడండి” అని నవ్వుకునేవారు. మూడేళ్ళపాటు మా ఆయన కుట్టిన చొక్కాలకు గుండీలు కుట్టాను. ఒక్కో గుండీకి ఒక్కోసారి అన్నయ్యను తలుచుకున్నాను. మంచిగా మాత్రం కాదు.

సర్వే ఆఫీసు గోడౌను వెనక గడ్డి మొలిచి పడి ఉన్న ఆ బండిని తుక్కు కింద తీసేస్తున్నారని తెలిసి, తిన్నగా సర్వేయర్ గారి ఇంటికి వెళ్ళాను. ఆయన చేతికర్ర మీద ఆనుకుని తలుపు తీశారు.

“మూడేళ్ళలో ఒక్కసారీ నా గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు బండి కోసం వచ్చావా అమ్మా?”

“బండి కోసమే సార్. దాన్ని మళ్ళీ బాగుచేస్తాను. అదే క్వారీ వాలు ఎక్కిస్తాను. తప్పు నా చేతిది కాదని మీకు చూపిస్తాను.”

ఆయన చాలాసేపు నా చేతుల వైపే చూశారు. “సరే, తీసుకెళ్ళు. రెండు గీతలు లేకుండా మాత్రం నేను దాని మీద కూర్చోను. కూర్చుని, ఎక్కి, క్షేమంగా దిగానంటే మా ఆఫీసు బండ్లన్నీ ఇక నీకే ఇమ్మని రాస్తాను,” అన్నారు.

అంటే పోయిన నా పేరు మళ్ళీ నా చేతికి వస్తుంది. నాకు కావలసింది అదే. అబద్ధం ఎందుకు, దాంతోపాటు అన్నయ్య పేరు మట్టిలో కలవాలని కూడా కోరుకున్నాను.

బండి గదిలోకి రాగానే మొదట చూసింది ముందు చక్రం దగ్గరి ఎడమ బ్రాకెట్టే. వంగిపోయి, బురద గట్టిపడి రాయిలా ఉంది. కిరసనాయిలు పోసి బ్రష్‌తో రుద్దాను. బోల్టు మరల సందుల్లో మిగిలిన మట్టిని మా ఆయన సూదితో గీకాను. నా తెల్ల గీత బయటపడింది. దాని పక్కన ఆకురాయితో రుద్దిన గరుకు మచ్చ ఒకటి కనిపించింది. ఇంకా తవ్వితే, బోల్టు మర అడుగున వెంట్రుక మందాన పసుపు రంగు కనిపించింది.

“ఏవండీ! ఇది ఏ రంగో చెప్పండి!” అని అరిచాను.

రంగుదారాలతో బతికే మనిషి. కళ్ళజోడు సవరించుకుని ఒక్క చూపు చూశారు. “పసుపే. అనుమానం లేదు,” అన్నారు.

నాకు ఒళ్ళంతా పులకరించింది. దొంగ దొరికాడు! తన గీత తానే గీకేసి, తప్పంతా నా నెత్తిన రుద్దాడు. గ్రైండర్‌తో ఆ బోల్టు చుట్టూ బ్రాకెట్‌ను కోసి, నట్టూ బోల్టూ కదలకుండా ఆ ముక్కను ముక్కలాగే తీసి, మా ఆయన బాబిన్ల డబ్బాలో పెట్టాను. బాబిన్లు ఎక్కడికి పోయాయని ఆయన అడగలేదు. నా మొహం చూస్తే అడగాలని అనిపించి ఉండదు.

“ఇది సర్వేయర్ గారికి చూపించేస్తే అయిపోతుందిగా?” అన్నారు ఆ సాయంత్రం.

“ఎలా అయిపోతుంది? మూడేళ్ళు బయట పడి ఉంది, ఎవరు గీకారో ఎవరికి తెలుసు, నువ్వే గీకావేమో అంటాడు అన్నయ్య. అలా కాదు. ఆయన కళ్ళ ముందే అన్నయ్య మళ్ళీ అదే పని చేయాలి.”

అన్నయ్య సంగతి నాకు తెలిసినంతగా వదినకు కూడా తెలియదు. మొదట్లో ప్రతి నట్టుకూ రెంచి వేసేవాడు. పోనుపోను, నా తెల్ల గీత కనిపిస్తే చాలు, ఈల వేసుకుంటూ పక్కన పసుపు గీత గీసుకుపోయేవాడు. “మా చెల్లి బిగించాక చూసేదేముంది?” అనేవాడు. అప్పట్లో ఆ మాటకు నేను పొంగిపోయేదాన్ని. ఇప్పుడు ఆ పొంగిందంతా కడుపులో మంటగా మారింది. ముల్లును ముల్లుతోనే తీయాలి. అదే ఎడమ బ్రాకెట్ నట్టును వదులుగా వదిలి, పైన తెల్ల గీత గీసి పెడతాను. అన్నయ్య ఈల వేస్తూ పసుపు గీత గీస్తాడు. అప్పుడు సర్వేయర్ గారి ముందు రెంచి పెట్టి, ఒక్క వేలితో దాన్ని తిప్పి చూపిస్తాను.

ఇక పనిలోకి దిగాను. ముందూ వెనకా కొత్త బ్రాకెట్లు వేసి బండిని రెండంగుళాలు పైకి లేపాను. రాళ్ళ మీద పట్టు కోసం లోతైన గాడులున్న పెద్ద టైర్లు ఎక్కించాను. ఎత్తు పెరిగాక పెద్ద టైరు హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ప్లాస్టిక్ మడ్‌గార్డుకు రాసుకుంటోంది, అక్కడ వేడిచేసి వంచాను. ఇంజిను కింద రాళ్ళు తగలకుండా అల్యూమినియం పలక బిగించాను. ముందు వైపు వించి పెట్టాను. వించి అంటే బండి బురదలో దిగబడితే తాడును చెట్టుకో రాయికో కట్టి, మోటారుతో తనను తానే లాక్కునే యంత్రం. దాని వైర్లు నాలుగు. అందులో రెండు తారుమారు చేశాను.

“సరిగ్గా ఉందో లేదో చూద్దాం. కొక్కెం ఆ బల్లకి తగిలించండి. తాడు వదలడానికి నొక్కుతున్నా,” అన్నాను.

నొక్కాను. తాడు వదలాల్సింది పోయి చుట్టుకుంది. మా ఆయన కత్తిరింపు బల్ల, దాని మీద సుద్దగీతలు గీసి పెట్టిన రెండు ప్యాంట్లతో సహా, గది ఈ మూల నుంచి ఆ మూలకు వచ్చి బండిని ముద్దుపెట్టుకుంది.

“పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ బల్ల నేను లాగితే ఒక్క అడుగు జరగలేదు,” అన్నారాయన, కత్తెర ఇంకా చేతిలోనే పట్టుకుని.

మూడేళ్ళ తర్వాత ఆ రోజే నవ్వాను.

శనివారం మధ్యాహ్నానికి పని పూర్తయింది. నలభై ఆరు నట్లు. నలభై అయిదింటిని టార్క్ రెంచితో బిగించాను. అది సరిపడా బిగువు రాగానే టక్కుమంటుంది. టక్కుమన్నాకే ఒక్కోదానికి తెల్ల గీత గీశాను. చివరిది ఎడమ బ్రాకెట్ నట్టు. లోపల నైలాన్ రింగు ఉండే రకం అది. ఎక్కడ వదిలితే అక్కడే పట్టుకుని ఉంటుంది, అదురుకు ఊడిపోదు. దాన్ని రెండు చుట్లు తక్కువగా ఆపి, అట్టముక్క దూరేంత సందు వదిలి, తెల్ల గీత గీశాను.

గీసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఎదురుగా ఉన్న గీత ఎంత తిన్నగా ఉందో! నట్టు వదులుగా ఉందని ఆ గీత ఎక్కడా చెప్పడం లేదు. బిగించిన నట్టు తర్వాత వదులైతే గీత విరిగి రెండు ముక్కలవుతుంది. వదులుగా ఉన్నప్పుడే గీస్తే తిన్నగానే ఉండిపోతుంది. లేచి వెళ్ళి బాబిన్ల డబ్బా మూత తీశాను. ఇన్నాళ్ళూ పసుపు కోసం వెతికిన కళ్ళతో తెల్ల గీతను చూడనే లేదు. అదీ ఇదే రకం నట్టు. గీత తిన్నగా ఉంది, ఎక్కడా విరగలేదు. నట్టు కింద సూది పెట్టి మిగిలిన మట్టిని తోసేశాను. మా ఆయన టేపు కొస అందులో ఇట్టే దూరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. నిజానికి నేనెప్పుడూ మరిచిపోలేదేమో, అటువైపు చూడలేదు అంతే. ఆ రోజు ఎడమ బ్రాకెట్ దగ్గర ఉండగా వదిన భోజనానికి కేకేసింది. నట్టును సగం ఎక్కించి, పెన్ను చేతిలోనే ఉంది కదా అని గీత గీసేశాను. వచ్చాక బిగించవచ్చు, ఒకవేళ మరిచిపోయినా అన్నయ్య చూస్తాడుగా అనుకున్నాను. అన్నయ్య ఉన్నాడని నేను బిగించలేదు. చెల్లి బిగించి ఉంటుందని అతను చూడలేదు. మధ్యలో ఒక మనిషి కాలు పోయింది.

నేలమీద కూర్చుండిపోయాను. మా ఆయన మిషన్ ఆపి వచ్చి డబ్బాలోకి చూశారు, బండి వైపు చూశారు, అడక్కుండానే అంతా అర్థం చేసుకున్నారు.

“ఆ నట్టు బిగించెయ్యి. ఈ గొడవ ఇక్కడితో వదిలెయ్యి,” అన్నారు.

సిగ్గుతో నా మొహం కాలిపోతోంది. కాని ఆ సిగ్గు కిందే పాత మంట ఇంకా రగులుతోంది. “తప్పులో సగం నాదైతే మిగతా సగం ఎవరిదండీ? మూడేళ్ళు మొత్తం నేనొక్కదాన్నే ఎందుకు మోశాను? గీకేసిన చెయ్యి నాదా?”

“ఎదుటివాడికి అపశకునం కావాలని ముక్కు కోసుకుంటానంటావు.”

“కోసుకుంటాను. నా ముక్కేగా.”

నట్టును అలాగే వదిలేశాను.

ఆదివారం పొద్దున్నే సర్వేయర్ గారు వచ్చి, మా ఆయన స్టూలు మీద కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి అన్నయ్య వచ్చాడు. రెండో గీత కోసం సర్వేయర్ గారు కబురు పెడితే రాక తప్పలేదు. జుట్టు బాగా నెరిసింది. నా మొహం చూడకుండా “బావగారూ, బాగున్నారా” అని మా ఆయన్ను పలకరించి, జేబులోంచి పసుపు పెన్ను తీశాడు. తర్వాత సంచీలోంచి సొంత టార్క్ రెంచి తీశాడు.

కుడి వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఈల కోసం ఎదురుచూశాను. ఈల లేదు. మొదటి నట్టుకు రెంచి వేశాడు. టక్. గీత గీశాడు. రెండోది. టక్. గీత. నా తెల్ల గీతల వైపు కన్నెత్తి కూడా చూడడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనా అని వెటకారంగా అనుకోబోయాను, కాని నా కళ్ళు అప్పటికే ఆ చివరి నట్టు వైపు తిరిగాయి. ఒక్కో టక్కూ ఎడమ ముందు చక్రం వైపు వస్తోంది. ఇప్పుడే వెళ్ళి ‘అది నేను చూసుకుంటాను’ అనవచ్చు. రోషం నా నోరు నొక్కేసింది.

నలభై అయిదు టక్కులయ్యాయి. నలభై ఆరో నట్టుకు రెంచి వేశాడు. రెంచి తిరిగింది. ఇంకా తిరిగింది. టక్కుమనలేదు.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. “చూశారా సార్?” అన్నాడు, గది బయటికి వినబడేలా. “మళ్ళీ అదే నట్టు! అదే చోటు! మూడేళ్ళ కిందట నేను చెప్పింది అబద్ధమా? పైన గీత చూడండి, ఎంత ముచ్చటగా గీసిందో! దీని చెయ్యి మారదు సార్.”

ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. నేను తీసిన గొయ్యి కొలతలతో సహా నాకు సరిగ్గా సరిపోయింది. సర్వేయర్ గారు నా వైపు చూసిన చూపులో కోపం లేదు, అసహ్యం ఉంది. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే జన్మంతా గుండీలు కుట్టుకోవడమే. బాబిన్ల డబ్బా తెచ్చి, ఆ ముక్కను ఆయన అరచేతిలో పెట్టాను.

“మీ బండిలోదే సార్. ఈ తెల్ల గీత నాది. తిన్నగా ఉంది చూడండి. అంటే బిగించకుండానే గీశాను. తప్పు నాదే. నిన్నటిదాకా ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. దీని పక్కన ఆకురాయితో రుద్దిన చోట గోరు పెట్టి చూడండి. మర అడుగున చూడండి.”

ఆయన ముక్కను కిటికీ వెలుతురులోకి తిప్పారు. గోరు పెట్టి చూశారు. అన్నయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

“మేస్త్రీ,” అన్నారు సర్వేయర్ గారు మెల్లగా. “నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు పళ్ళు పట్టుకుని వచ్చావు. నా పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకున్నావు. అప్పటికే ఇది గీకేశావా?”

అన్నయ్య పసుపు పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. “ఆ పొద్దునే సార్,” అన్నాడు చివరికి. “షెడ్డు మూతపడుతుందని భయమేసింది.”

మూడేళ్ళుగా నేను కలగన్న మాట అది. విన్నాక గంతులేయాలనుకున్నాను. గంతులేసే వ్యవధి ఆయన ఇవ్వలేదు.

“నువ్వు చెప్పమ్మా. నిన్ననే నీ తప్పు తెలిసిందన్నావు. మరి ఇవాళ ఈ నట్టు ఎలా మరిచిపోయావు?”

“మరిచిపోలేదు సార్. కావాలనే వదిలాను. అన్నయ్య చూడకుండా గీత గీస్తాడని, మీ ముందు పట్టిద్దామని.”

“నేను ఎక్కాల్సిన బండి మీద,” అన్నారాయన.

“మిమ్మల్ని ఎక్కనిచ్చేదాన్నా సార్! ముందే చూపించేసేదాన్ని...” నా మాట నాకే చేదుగా ఉంది. మూడేళ్ళ కిందట కూడా ‘తర్వాత బిగించేస్తాను’ అనే కదా అనుకున్నాను.

ఆయన కర్ర ఊతంతో లేచి బండి చుట్టూ ఒకసారి నడిచారు. ఎడమ కాలు నేలమీద ఈడుస్తున్న చప్పుడు ప్రతి అడుగుకూ వినబడింది.

“మీ అన్నాచెల్లెళ్ళకు ఒకరి మీద ఒకరికి పగ. బాగుంది. కాలు పోయిన నాకు మాత్రం ఎవరి మీదా ఉండకూడదా?” అని ఆగారు. “క్వారీ వాలు నేను ఎక్కను. మీరిద్దరే ఎక్కండి. మేస్త్రీ నడుపుతాడు, నువ్వు వెనక కూర్చో. ఇవాళే, మధ్యాహ్నంలోగా. పైదాకా ఎక్కి, నేను పడిన చోట బండి తిప్పుకుని, దిగి రండి. వచ్చాక ఆఫీసు పని సంగతి ఆలోచిద్దాం. ఎక్కనంటే మాత్రం ఈ ముక్క తీసుకెళ్ళి మీ షెడ్డు గేటుకే వేలాడదీస్తా.”

అన్నయ్య, నేను మొహమొహాలు చూసుకున్నాం. మూడేళ్ళలో మొదటిసారి.

“ఇలా ఇవ్వు,” అన్నాను. అతను రెంచి ఇచ్చాడు. నలభై ఆరో నట్టు బిగించాను. టక్కుమంది. అన్నయ్య రెంచి తీసుకుని మళ్ళీ వేశాడు. టక్కుమంది. అప్పుడు మొదటి నట్టు దగ్గరికి వెళ్ళాం. నేను వేస్తే అతను చూశాడు, అతను వేస్తే నేను చూశాను. పాత గీతలన్నీ కిరసనాయిలు గుడ్డతో తుడిచేసి కొత్తగా గీశాం. మధ్యలో ఒకచోట అన్నయ్య “నీ కంటికి ఈ వాషరు పగిలినట్టు కనిపిస్తోందా?” అన్నాడు. పగల్లేదు. అయినా మార్చాం. మా ఆయన టీ పెట్టి తెచ్చినా ఎవరూ ముట్టుకోలేదు.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. సర్వేయర్ గారు స్టూలు మీద కాలు చాపుకుని కూర్చునే ఉన్నారు.

“అయిందా?” అన్నారు.

“ఇంకొక్కసారి చూస్తాం సార్,” అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తర్వాత వంగి, మోకాలి కింద రెండు చోట్లా నెమ్మదిగా చేత్తో రాసుకున్నారు.

“చూడండి,” అన్నారు. “మీ ప్రాణాలు కదా.”